ఆయిల్ సీలు అంచు కింద దొరికిన పొర

2022 ఆగస్టులో నన్ను చిత్తూరు, తిరుపతి ప్రాంతానికి వారంటీ ఇంజనీరుగా నియమించారు. మోటారు సైకిళ్ళు తయారుచేసే ఒక పెద్ద కంపెనీలో అది కింది నుంచి రెండో హోదా. నా పైన చెన్నైలో కూర్చునే రీజినల్ మేనేజరు ఉండేవారు, నా కింద పనిచేసేవాళ్ళెవరూ ఉండేవారు కారు. విశ్రాంత ఉద్యోగి అనే మాట నా వయసుకు పెద్దదే. కానీ ఆ వృత్తిని పూర్తిగా వదిలేశాను, మళ్ళీ చేరే ఉద్దేశం లేదు. కాబట్టి ఆ పని గురించి ఇప్పుడు మొహమాటం లేకుండా రాయవచ్చు.

వారంటీ ఇంజనీరు ఏం చేస్తాడో బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. కొత్త బండిలో ఏదైనా భాగం గడువులోపల చెడిపోతే డీలరు వర్క్‌షాపులో దాన్ని ఉచితంగా మారుస్తారు. భాగం ఖరీదును, మెకానిక్ కూలీని కంపెనీ డీలరుకు తిరిగి చెల్లిస్తుంది. చెల్లించే ముందు, తీసేసిన భాగానికి చీటీ కట్టి దాచమంటుంది. అది దానంతట అదే చెడిందా, వాడినవాడు చెడగొట్టాడా, బాగుచేసినవాడు చెడగొట్టాడా అని పరీక్షించి సంతకం చేసేది మేము. క్లుప్తంగా చెప్పాలంటే, జీతం తీసుకుని అనుమానించడమే మా ఉద్యోగం.

చేరిన కొద్ది రోజులకే ఒక ఫైలు నా చేతికొచ్చింది. చిత్తూరు ఊరి చివర, తిరుపతికి పోయే దారిలో ఉన్న ఒక డీలరు వర్క్‌షాపు నుంచి ముందు ఫోర్కు ఆయిల్ సీళ్ళ క్లెయిములు విపరీతంగా వస్తున్నాయి. ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే కాళ్ళను ఫోర్కు అంటారు. మా వైపు జనం ముందు షాకబ్జర్లంటారు. ఒక్కో కాలిలో పైన నున్నటి ఉక్కు గొట్టం, కింద దాన్ని తనలోకి తీసుకునే అల్యూమినియం కేసు, లోపల స్ప్రింగు, కొలిచి పోసిన నూనె ఉంటాయి. గుంత వచ్చినప్పుడల్లా గొట్టం కేసులోకి దిగి మళ్ళీ పైకి లేస్తుంది. ఆ కదలికలో నూనె బయటికి రాకుండా కేసు నోటి దగ్గర ఒక రబ్బరు ఉంగరం ఉంటుంది. అదే ఆయిల్ సీలు. దాని లోపలి అంచు చాలా సన్నం. గొట్టాన్ని హత్తుకుని, అది లేచిన ప్రతిసారీ నూనెను తుడిచి లోపలే ఉంచుతుంది. గోటితో గీసినా ఆ అంచు పనికిరాకుండా పోతుంది.

సీళ్ళు కారడం వింత కాదు. మామిడి తోటల మట్టి దారులు, గ్రానైటు లారీలు రాల్చే దుమ్ము, మోయగలిగినదానికి రెండింతల పాల క్యాన్లు తగిలించుకునే వాళ్ళు. కారణాలు కావలసినన్ని ఉన్నాయి. ఈ వర్క్‌షాపులో వింతేమిటంటే, కొత్తగా మార్చిన సీలే మళ్ళీ కారడం. అదే బండి, అదే ఫిర్యాదుతో, కొన్ని వారాలకే తిరిగి వచ్చేది. పుత్తూరులో ఇలా లేదు, మదనపల్లెలో లేదు, తిరుపతిలో లేదు. సీళ్ళు మాత్రం అందరికీ ఒకే గోడౌను నుంచి వెళ్ళేవి.

రీజినల్ మేనేజరు ఫోనులో క్లుప్తంగానే మాట్లాడారు. ఇది సీళ్ళ లోపం కాదు, దొంగతనం, ఎలా చేస్తున్నారో మాత్రం కనుక్కుని రమ్మన్నారు. తీర్పు ముందే చేతికిచ్చి ఆధారాలు తెమ్మనడం నాకు నచ్చలేదు. అయితే నా అనుమానం కూడా అటే మొగ్గిందని ఇక్కడ చెప్పడం న్యాయం.

ఇంజనీరింగు చదివిన నాలుగేళ్ళూ నేను కాలేజీ డిబేట్ జట్టులో ఉన్నాను. మాకు తర్ఫీదిచ్చిన మాస్టారు రెండు నియమాలు పెట్టారు. ఆరోపణ చేసినవాడిదే నిరూపించే భారం. ఎదుటివాడి వాదాన్ని అతనికంటే బలంగా చెప్పగలిగిన తర్వాతే దాన్ని ఖండించాలి. నేను బస్సులో కూర్చుని మూడు అవకాశాలు వేసుకున్నాను. సీళ్ళు మార్చనే మార్చకుండా తుడిచి పంపి క్లెయిము రాస్తుండవచ్చు. అసలువి బయట అమ్ముకుని నకిలీవి వేస్తుండవచ్చు. లేదా బండి మళ్ళీ రావాలని కొత్త సీలును కావాలనే పాడుచేస్తుండవచ్చు. మూడింటిలోనూ ఒక మనిషి చెయ్యి ఉండక తప్పదు. ఆ వర్క్‌షాపులో ఫోర్కు పని ముట్టుకునే చేతులు ఒక్కరివే.

అతని పేరు మునిరత్నం. హెడ్ మెకానిక్. యాభై దాటిన మనిషి. సైకిలు షాపులో మొదలుపెట్టి, కంపెనీ శిక్షణ పొంది, పదిహేనేళ్ళుగా ఆ డీలరు దగ్గరే ఉన్నాడు. కావాలని చెడగొట్టినట్టు నేను రాస్తే అతని ఉద్యోగం పోతుంది. అంతటితో ఆగదు. అలాంటి వాళ్ళ పేర్లు అన్ని డీలర్లకూ పంపుతారు. ఆ తర్వాత కంపెనీ బోర్డు ఉన్న ఏ వర్క్‌షాపూ అతన్ని పనిలో పెట్టుకోదు. ఈ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

నేను గేటు దాటి లోపలికి వెళ్ళేసరికి అతను చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"సీళ్ళ కేసేనా మేడం?"

కేసని ఎవరు చెప్పారని అడిగాను.

"చెన్నై నుంచి పోను వస్తే సర్వీసు మేడం. మనిషే వస్తే కేసు."

ఆ జవాబు తెలివైనది. తెలివైన జవాబులను ఎక్కువగా అనుమానించడం నా అలవాటు.

మొదట ఒక బాధితుణ్ణి కలవాలనుకున్నాను. చెంగల్రాయుడు అప్పటికే బండితో వచ్చి బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పూతలపట్టు పక్క పల్లెల్లో పాలు పోగుచేసి చిత్తూరులో పోస్తాడు. అతని బండికి సీళ్ళు మార్చడం అది మూడోసారి.

"నువ్వేనా పాపా పెద్ద ఇంజనీరు?" అని నన్ను పైనుంచి కిందికి చూశాడు. "పాలల్లో నీళ్ళు కలిపినావా కలిపినావా అని ఊరంతా నన్ను అడగతారు. నా బండిలో నూనె యాడికి పోతాండాదో మాత్రం ఎవురూ అడగరు."

నేను అడగడానికే వచ్చానన్నాను. అతను బండి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని చూపించాడు. కుడి కాలి వెంట కారిన నూనె బ్రేకు డిస్కు దాకా వచ్చింది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. సీలు కారితే సవారీ కుదుపుగా ఉంటుందని మాత్రమే చాలామంది అనుకుంటారు. నూనె డిస్కుకూ, దాన్ని నొక్కిపట్టే ప్యాడ్లకూ అంటితే ముందు బ్రేకు పట్టదు. పూతలపట్టు కూడలిలో మలుపు తిరుగుతూ చెంగల్రాయుడు బ్రేకు నొక్కాడు. బండి నిలవలేదు. టీ అంగడి బెంచీలోకి దూసుకెళ్ళింది.

"బెంచీ మీద ఎవురూ ల్యాకపోబట్టి సరిపోయింది. రోడ్డంతా పాలే. కుక్కలకు పండగ."

మునిరత్నం మీద అనుమానం ఉందా అని సూటిగా అడిగాను.

"ఆయప్పనా? సీ సీ. ఆయప్ప సేసినాక బండి వెన్న మాదిరి పోతాది పాపా. కొన్నాళ్ళు. ఆమీటనే మొదలవతాది."

అతను మునిరత్నానికి మద్దతుగా చెప్పిన మాట అది. నేను దాన్ని వ్యతిరేకంగా రాసుకున్నాను. పని రానివాడు బిగిస్తే మొదటి రోజే కారాలి. కొన్నాళ్ళు బాగుండి తర్వాత కారిందంటే, ఎవరో తెలిసి చేసిన పనిలా ఉంది.

చెంగల్రాయుడి బండినే విప్పించాను. పని వరస ఇలా ఉంటుంది. బండిని స్టాండు మీద ఎత్తి ముందు చక్రాన్ని, బ్రేకు పట్టును తీస్తారు. పై ప్లేట్ల బోల్టులు వదులుచేసి ఫోర్కు కాళ్ళను కిందికి లాగుతారు. తల బిరడా విప్పి స్ప్రింగు తీసి, నూనె వంపుతారు. తర్వాత దుమ్మును ఆపే పై సీలు, దాని కింద తీగలాంటి లాకు, దాని కింద ఆయిల్ సీలు. చివరి సీలును మాత్రం నేనే నా చేత్తో తీశాను. దానిమీద కంపెనీ గుర్తూ, అచ్చు నంబరూ సరిగ్గా ఉన్నాయి. చీటీలో రాసిన నంబరుతో సరిపోయాయి. కాబట్టి సీలు నిజంగానే మార్చారు, నకిలీది కాదు. నా మూడు అవకాశాల్లో మొదటి రెండూ అక్కడితో పోయాయి.

మూడోది మిగిలింది. సీలును తిరగేసి భూతద్దం పెట్టాను. లోపలి అంచు కింద ఒకచోట ఉల్లిపొరంత పల్చటి ముక్క ఇరుక్కుని ఉంది. లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. అది ఉన్నంత మేర అంచు గొట్టాన్ని తాకదు. మొదట్లో పొర గట్టిగా అంటి ఉంటుంది. నూనెలో నాని, గొట్టం రాపిడికి నలిగిన తర్వాత పక్కన సందు ఏర్పడుతుంది. చెంగల్రాయుడు చెప్పిన "కొన్నాళ్ళు" లెక్క దీనికి సరిపోయింది.

చీటీలు కట్టి దాచిన పాత సీళ్ళ పెట్టె తెప్పించి ఒక్కొక్కటీ చూశాను. అన్నిటిలో కాదుగానీ, తిరిగి వచ్చిన బండ్ల సీళ్ళలో చాలావాటి కింద అదే రంగు పొర ఉంది. దుమ్మయితే రకరకాలుగా ఉండాలి. రబ్బరు చిరిగితే నల్లగా ఉండాలి. ఇది రోడ్డు మీద నుంచి వచ్చేది కాదు, బండిలో పుట్టేదీ కాదు. ఒక మనిషి చేత్తో తెచ్చిన వస్తువు.

డీలరు దామోదరం శెట్టిని పిలిపించాను. మూడు తరాల వ్యాపార కుటుంబం, మర్యాదస్తుడు, మాట మెత్తన. పొరను చూపించి, ఇది సీళ్ళ కింద దొరుకుతోందని చెప్పాను. ఆయన దాన్ని సరిగా చూడను కూడా చూడలేదు.

"అంటే మునిరత్నమే కదా మేడం? ఫోర్కు పని ఆయప్ప తప్ప ఇంకెవరూ ముట్టరు." మునిరత్నం పక్కనే ఉన్నాడు. శెట్టిగారు అతనివైపు తిరగకుండానే చెప్పారు. "ఇన్నేండ్లు నమ్మినాను. మీరు రాసేయండి మేడం. నేను ఈ పొద్దే పంపించేస్తాను."

నేనింకా ఏ ఆరోపణా చేయలేదు. తన దగ్గర పదిహేనేళ్ళు పనిచేసిన మనిషి మీద యజమాని ఒక్క ప్రశ్నయినా అడగకుండా తీర్పు చెప్పేశారు. ఆ తొందర నాకు నచ్చలేదు. దోషం ఒక మనిషిదని తేలితే డీలరుకు పోయేది ఆ మనిషి ఒక్కడే. వర్క్‌షాపుదని తేలితే ఆ బండ్లన్నిటినీ ఆయన సొంత ఖర్చుతో విప్పి మళ్ళీ బిగించాలి. అప్పటిదాకా మునిరత్నం ఒక్కడి మీదే ఉన్న నా అనుమానం ఆ క్షణం నుంచి ఇద్దరి మీదికీ పాకింది.

నువ్వేమంటావని మునిరత్నాన్ని అడిగాను.

"నేను పెట్టలేదు మేడం. పెట్టేవాణ్ణయితే మీకు దొరికేట్టు పెడతానా?"

మంచి వాదమే. కానీ దానివల్ల ఏమీ రుజువు కాదు. గడుసైన దొంగ కూడా సరిగ్గా అదే మాట అంటాడు. నేను అతనికి ఆ మాటే చెప్పాను. అతను ముఖం తిప్పుకున్నాడు.

మాస్టారి రెండో నియమం అప్పుడు గుర్తుచేసుకున్నాను. మునిరత్నం తరఫు వాదాన్ని అతనికంటే బలంగా చెప్పాలంటే అతను పని ఎలా చేస్తాడో నాకు తెలియాలి. తెలియదు. అతన్ని ప్రశ్నలు అడిగితే జవాబులు వస్తాయి, పని కనిపించదు. కాబట్టి అదే బండికి కొత్త సీళ్ళు నా ఎదుట బిగించమన్నాను. రోజూ చేసినట్టే చేయాలి, నాకేమీ వివరించకూడదు. ఇంక చేయించేదేముందని శెట్టిగారు గొణిగారు. ఉండమన్నాను.

మునిరత్నం గొట్టాన్ని కిరసనాయిలుతో కడిగి, బట్టతో తుడిచి, వేలితో నిమిరి చూశాడు. కొత్త సీలు అంచుకు నూనె రాశాడు. తర్వాత చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాడు. జిడ్డు పని మధ్యలో ఒక మెకానిక్ చేతులు కడుక్కోవడం నేను అంతవరకు చూడలేదు. బల్ల సొరుగు లాగి, చక్కగా మడిచిన కవరొకటి తీసి, కళ్ళకద్దుకున్నాడు. దాన్ని గొట్టం తల మీద తొడిగి, దాని మీదుగా సీలును కిందికి జార్చి, కవరును పైకి లాగేశాడు.

అది కొండ మీద లడ్డు పెట్టి ఇచ్చే కవరు. లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు.

ఎందుకని అడగక తప్పలేదు.

"రాడ్డు తల గరుగ్గా ఉంటాది మేడం. ఉత్త రాడ్డు మీద దించితే సీలు అంచు కోసుకుంటాది. అందుకని కవరు తొడగతాను." కాస్త సిగ్గుపడుతూ మిగిలింది చెప్పాడు. "ప్రసాదం కవరు మేడం. యాడబడితే ఆడ పారేస్తే ఎవురో ఒకరు తొక్కతారు. ఇంట్లో ఎన్నని పెట్టుకునేది? ఈడైతే ఒక పనికొస్తాది."

కవర్లు అతనికి ఎక్కడివో శెట్టిగారు చెప్పారు. ఆయన నెలనెలా కొండకు పోయి వచ్చి వర్క్‌షాపులో ప్రతి ఒక్కరికీ లడ్డు పంచుతారు. తిన్నవాళ్ళు కవర్లు తెచ్చి మునిరత్నం సొరుగులో వేస్తారు. అది అక్కడ ఒక ఆచారంగా మారింది.

నేను వెంటనే నమ్మలేదు. పరీక్షకు వచ్చిన మనిషి ఎదుట భక్తి ప్రదర్శించడం ఎవరికైనా తెలిసిన విద్యే. అప్పుడే బిగించిన సీలును అక్కడికక్కడే తీయించాను. అంచు కింద పొర ముక్క ఉంది. కవరు అంచున ఎలుక కొరికినట్టు చిన్న ముక్క ఊడి ఉంది. పొర ఎక్కడిదో తేలింది. కానీ అది అనుకోకుండా జరుగుతోందని ఇంకా తేలలేదు. ఎప్పటి నుంచి ఇలా చేస్తున్నావని అడిగాను.

"ఈ పనిలోకి వచ్చినప్పట్నించీ."

ఆ జవాబు అతనికే అడ్డం తిరిగింది. మొదటి నుంచీ ఇదే పద్ధతయితే సీళ్ళు మొదటి నుంచీ కారాలి. క్లెయిములు పెరిగింది మాత్రం ఆ సంవత్సరంలోనే. ఈ వైరుధ్యాన్ని అతని ముందు పెట్టి జవాబు చెప్పమన్నాను. శెట్టిగారు చూశారా మేడం అన్నట్టు తల పంకించారు.

మునిరత్నం చేతిలోని కవరును వేళ్ళతో నలుపుతూ నిలబడ్డాడు. కాసేపటికి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ నలిపాడు.

"సప్పుడే ల్యా" అన్నాడు, తనలో తాను.

సొరుగు మొత్తం బయటికి లాగి అడుగున పరిచిన కాగితాన్ని ఎత్తాడు. దాని కింద ఒక పాత కవరు ఉంది. మందంగా, గరగరలాడుతూ, నూనె మరకలతో. కొండ మీద ప్లాస్టిక్ వాడకం ఆపేయకముందు ఇచ్చిన రకం. అలాంటివి అతని దగ్గర కట్టగా ఉండేవట. ఒక్కోదాన్ని చిరిగేదాకా వాడేవాడు. ఆ ఏడాది మొదట్లో అవి అయిపోయి, కొత్తవాటికి మారాడు. కొత్తవి మట్టిలో కలిసిపోయేలా చేసినవి. మెత్తగా ఉంటాయి. లడ్డు మోయడానికి చేసినవి కాబట్టి ఆ పని బాగానే చేస్తాయి. గరుకైన ఉక్కు అంచు మీద లాగితే మాత్రం తెలియకుండా చిరుగుతాయి.

పాత కవరుతో బిగించి తీయించాను. సీలు శుభ్రంగా వచ్చింది. కొత్తదానితో చేయించాను. పొర దొరికింది. ఒకసారి జరిగినది రుజువు కాదు కాబట్టి విసుగు పుట్టేదాకా మార్చి మార్చి చేయించాను. కొత్త కవరు ప్రతిసారీ చిరగలేదు. చిరిగిన ప్రతిసారీ ముక్క అంచు కిందే దొరికింది. పాతదానితో ఒక్కసారీ దొరకలేదు. బయట బెంచీ మీద చెంగల్రాయుడు గట్టిగానే అన్నాడు: "పాపా, నా బండి సీలు బాగుసేస్తావుండావా, దానికి పెండ్లి సేస్తావుండావా?"

ఇంకొక ప్రశ్న మిగిలింది. ఇదే పని కోసం కంపెనీ ప్రతి వర్క్‌షాపుకూ ఒక పనిముట్టు ఇస్తుంది. గైడ్ స్లీవ్ అంటారు. గొట్టం తల మీద తొడిగే నున్నటి టోపీ లాంటిది. అది ఉండగా కవరు ఎందుకు? గోడ మీద అద్దాల బీరువాలో టూల్ బోర్డు కనిపించింది. ప్రతి పనిముట్టు చుట్టూ దాని ఆకారం రంగుతో గీసి ఉంది. స్లీవ్ తన స్థానంలోనే ఉంది. ఒక్క గీత కూడా లేకుండా మెరుస్తోంది. బీరువాకు తాళం. తాళంచెవి శెట్టిగారి దగ్గర.

ఎందుకు తాళం వేశారని అడిగితే ఆయన మొదటిసారి కాస్త కోపంగా మాట్లాడారు.

"ఆడిట్‌కు వచ్చేది మీరే కదా మేడం? బోర్డులో ఒకటి తగ్గితే మార్కులు కోసేది మీరే కదా? వాడితే పోతాది. పోతే మమ్మల్నే అడగతారు. అందుకే బద్రంగా పెట్టినా."

ఆ మాట నిజమని ఒప్పుకోవాలి. మా ఆడిట్‌లో పనిముట్టు ఉందా లేదా అనే ప్రశ్న ఉండేది. వాడుతున్నారా అనే ప్రశ్న లేదు. పనిముట్టును పనికి దూరంగా ఉంచినవాడికి పూర్తి మార్కులు వచ్చేవి.

తాళం తీయించి, స్లీవ్ తొడిగించి చూశాను. సీలు జారినట్టే తెలియకుండా దిగింది. మునిరత్నం దాన్ని చేతిలో తిప్పి చూసి, బల్ల మీద పెట్టాడు.

ఇక రిపోర్టు. మా పద్ధతిలో కారణం అనే చోట ఇంజనీరుకు మూడే మాటలకు వీలుంది: తయారీ లోపం, వాహనదారుడి దుర్వినియోగం, వర్క్‌షాపు నిర్లక్ష్యం. మొదటి రెండూ కావు. మూడోదాని కింద రాశాను. ఉద్దేశపూర్వకం కాదని స్పష్టంగా చేర్చాను. ఎవరి గురించి రాశానో వారికి ముందు చదివి వినిపించడం నా నియమం. శెట్టిగారు విని, బండ్ల ఖర్చు తనదేనని అర్థమై, ఫోను పట్టుకుని బయటికి వెళ్ళారు. మునిరత్నం ఒక మాట దగ్గర ఆగాడు.

"నిర్లక్ష్యం అంటే యామారినాననా మేడం?"

ఏమరుపాటు, శ్రద్ధ లేకపోవడం, అంతే అర్థమన్నాను.

"యామారినోడైతే ఉత్త రాడ్డు మీదే దిగ్గొట్టి ఇంటికి పోతాడు. కవరు తొడిగేదే జాగ్రత్తకు కదా?" గొంతు పెంచలేదు. "దొంగని రాసింటే కొట్లాడతావుంటి. నేను దొంగను కాదని ఈడ అందరికీ తెలుసు. ఇది రాస్తే కొట్లాడేదానిక్కూడా ల్యా. మునిరత్నానికి పని మీద ద్యాస ల్యాదంట అని సెప్పుకుంటారు. ఈ సేతులతో ఇంక బండి ముట్టేదెట్ల?"

నా సానుభూతి కోసం అంటున్నాడేమోనని అనుమానం వచ్చింది. ఎదురు వాదాన్ని గట్టిగానే పెట్టాను. మొదటి బండి తిరిగి వచ్చినప్పుడే సీలు అంచు కింద ఎందుకు చూడలేదు? రెండోది వచ్చినప్పుడు? చూసి ఉంటే చెంగల్రాయుడి బండి బెంచీలోకి దూసుకెళ్ళేది కాదు. ఇది నిర్లక్ష్యం కాకపోతే మరేమిటి?

అతను ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"మీ సీలును అనుమానించినాను మేడం. ఆ రోడ్డును అనుమానించినాను. పాలాయన లోడును అనుమానించినాను. నా సేతిని మటుకు అనుమానించలేదు."

అది సాకు కాదు. తప్పెక్కడుందో అతనే చూపించాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడానికి నా మూడు మాటల్లో ఏదీ సరిపోలేదు. నిర్లక్ష్యం అన్న మాట కొట్టేసి ఇలా రాశాను: వర్క్‌షాపు పొరపాటు, నిర్దేశించిన గైడ్ స్లీవ్ మెకానిక్‌కు అందుబాటులో లేదు, దానికి బదులు వాడిన వస్తువు మారిన సంగతిని పనిలో గమనించలేదు.

రిపోర్టు మర్నాడే తిరిగొచ్చింది. రీజినల్ మేనేజరు ఫోను చేసి, పొరపాటు అనే కారణం మన పద్ధతిలో లేదన్నారు. నిర్లక్ష్యానికీ పొరపాటుకీ తేడా ఏమిటని కూడా అడిగారు, కాస్త వెటకారంగానే.

నిర్లక్ష్యమైతే మనిషిని మార్చాలని చెప్పాను. పొరపాటైతే పద్ధతిని మార్చాలి. మనిషిని మార్చి, స్లీవ్‌ను బీరువాలోనే ఉంచితే, వచ్చే మెకానిక్ కూడా ఆ సొరుగు లాగి అదే కవరు తొడుగుతాడు. అప్పుడు ఇదే ఫైలు మళ్ళీ మీ బల్ల మీదికి వస్తుంది. ఆయన, పద్ధతిలో లేని మాటలు వెతుక్కునేవాళ్ళు ఈ ఉద్యోగంలో ఎక్కువకాలం ఉండరని హెచ్చరించి, దాన్ని మేనేజరు మాత్రమే వాడగల ఇతర కారణాల కింద చేర్చి సంతకం చేశారు. ఆయన హెచ్చరిక సరైనదేనని తర్వాత తేలింది.

మునిరత్నం ఉద్యోగం నిలిచింది. అతని పేరు ఏ డీలరుకూ వెళ్ళలేదు. తిరిగి వచ్చిన బండ్లన్నీ పిలిపించి, స్లీవ్‌తో సీళ్ళు బిగించి, నూనె అంటిన బ్రేకు ప్యాడ్లు మార్చారు. ఆ తర్వాత వాటిలో ఏదీ ఆ ఫిర్యాదుతో నా దగ్గరికి రాలేదు. మునిరత్నం నాకు కృతజ్ఞతలు చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. నేను అతనికి ఉపకారం చేయలేదు, ఒక మాటను సరిదిద్దాను. తర్వాత ఎప్పుడు వెళ్ళినా టీ తెప్పించేవాడు. తాను తాగుతూ కూడా పని ఆపేవాడు కాదు.

ఒక అనుమానం మాత్రం తీరలేదు. తాళం సంగతి శెట్టిగారికి ఆ పొరను చూసిన క్షణంలోనే తట్టిందా, అందుకే అంత తొందరపడి మునిరత్నాన్ని ముందుకు తోశారా? దానికి నా దగ్గర ఆధారం లేదు. అందుకే రిపోర్టులో రాయలేదు. ఇక్కడ కూడా అనుమానంగానే రాస్తున్నాను.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇది. ఆధారం ఏం జరిగిందో చెబుతుంది. ఎవరి చేతుల మీదుగా జరిగిందో కూడా చాలాసార్లు చెబుతుంది. ఎందుకు జరిగిందో చెప్పదు. ఆ ఖాళీని పరీక్షించేవాడు తనకు తెలియకుండానే తన అనుమానంతో నింపేస్తాడు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం, మనిషి చేత పని చేయించి కళ్ళారా చూసేదాకా నేను కారణం అనే చోట ఏమీ రాయలేదు. చూసినా తేలని సందర్భాలు కొన్ని వచ్చాయి. వాటిని ఖాళీగానే పంపాను. పంపిన ప్రతిసారీ చెన్నై నుంచి ఫోను వచ్చేది.